మావయ్య చూడని పచ్చ సిగ్నల్

కంప్యూటర్ లోపలి ఫ్యాన్లు ఒక్కసారిగా గొంతు పెంచితే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. బిలాస్‌పూర్ శివార్లలో, మోప్కాలో మా ఇల్లు కొత్తది, గదిలో ఏసీ ఉంది, బల్ల మీది యంత్రం నా సొంతం. అయినా మధ్యాహ్నం పూట ఆ ఫ్యాన్లు రయ్యిమని, వేడెక్కిన దుమ్ము వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, చేతిలో పని వదిలేసి తెర వంకే చూస్తూ కూర్చుంటాను. బొమ్మ కదులుతోందా, ఆగిపోయిందా? "ఏటే, దెయ్యాన్ని సూసినట్టు ఆ సూపేటి?" అంటుంది అమ్మ. దెయ్యం కాదు. అప్పలనాయుడు మావయ్య గుర్తొస్తారు.

మావయ్య అన్నది వరసకే. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబాలు మావి. క్వార్టర్ల వరసలో పెద్దవాళ్లంతా ఎవరో ఒక మావయ్యో బాబాయో అవుతారు. ఈయన ఉద్యోగమంతా ఇంజన్ నడిపి రిటైరై, ఊరి పక్కనే ఫ్యాక్టరీలుండే సిర్గిట్టిలో ఒక చిన్న కంపెనీలో చేరారు. రైలు నడపడం నేర్చుకునే పిల్లల కోసం అక్కడ ఉత్తుత్తి ఇంజన్ క్యాబిన్లు తయారయ్యేవి. నిజం దాంట్లో ఉన్నట్టే సీట్లు, బ్రేకు, హారన్. ముందు అద్దం ఉండాల్సిన చోట పెద్ద తెర. ఆ తెర మీద పరుగెత్తే పట్టాల్నీ వంతెనల్నీ సిగ్నళ్లనీ క్షణక్షణం గీసి చూపించేది లోపలున్న గ్రాఫిక్స్ కార్డు. ఇంజనీరింగ్ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే, నా పై అధికారి ఆయనే.

అంత పిరికి మనిషిని నేను చూడలేదు. ఇంటికి తాళం వేసి, వీధి చివరి దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవారు. గోల్ బజార్‌లో రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకునేవారు, చిన్నపిల్లని దాటిస్తున్నట్టు పైకి కనిపించేది గానీ భయమంతా ఆయనదే. నేను నవ్వితే చిరాకు పడేవారు. "నవ్వుకో. బయం లేనోడికి ఇంజనివ్వకూడదే. బయమే కళ్లు తెరిపిస్తాది."

ఆ వేసవిలో పోటీ కంపెనీలు రెండింటి నుంచి రెండు కార్డులు వచ్చాయి. ఒకదానికి మూడు ఫ్యాన్లు, ఇంకోదానికి రెండు. కొత్త క్యాబిన్లో ఏది పెట్టాలో పరీక్షించి తేల్చాలి. ఆ క్యాబిన్ వెళ్లేది ఒక శిక్షణ కేంద్రానికి. అసిస్టెంట్ డ్రైవర్‌గా ఎంపికైన మా తమ్ముడు శ్రీను చేరబోయేది కూడా సరిగ్గా అక్కడికే. సిగ్నల్ చూడడం వాడు మొదట నేర్చుకునేది ఈ తెర మీదే. ఆ సంగతి తలుచుకుంటే నాకూ లోపల ఎక్కడో బెరుకుగానే ఉండేది, కానీ మావయ్య ముందు బయటపడేదాన్ని కాదు.

పొద్దున్నే కూలర్ వేసుకుని రెండు కార్డుల్నీ పరీక్షించాను. మూడు ఫ్యాన్లది సెకనుకు గీసే బొమ్మలు చాలా ఎక్కువ. రెండోది దాని దరిదాపుల్లో లేదు. తెనాలి నుంచి వచ్చిన మా మేనేజరు సగటు చూసి అప్పటికప్పుడే తేల్చేశాడు. "ఇంకేం కావాలండీ? మూడు ఫ్యాన్లదే పెట్టేద్దాం." నాకూ అదే సబబు అనిపించింది. మావయ్య మాత్రం మిట్టమధ్యాహ్నం దాకా ఆగమన్నారు.

"కూలర్ ఆపీయ్. తలుపులు తీసీయ్."

"మావయ్యా, రేకుల షెడ్డు! చచ్చిపోతాం!"

"నన్నేటి ఏసీలో కూకోబెట్టి పంపినారేటే డూటీకి? వేడిలో ఎలగుంటాదో సూడాల."

ఆయన డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. నన్ను పక్కన అసిస్టెంట్ సీట్లో కూర్చోబెట్టారు. ఇంజన్లో ఒక పద్ధతి ఉంది. సిగ్నల్ కనపడగానే ఒకరు చెయ్యెత్తి రంగు గట్టిగా అనాలి. రెండోవాళ్లు తమ కళ్లతో చూసి, మళ్లీ అదే అనాలి. మొదట రెండు ఫ్యాన్ల కార్డుతో నడిపాం. బొమ్మ అంత నునుపుగా లేదు గానీ ఎక్కడా తడబడలేదు. ఆయన "పసుపు" అంటే నేను "పసుపు" అన్నాను, ఆటలాగే ఉంది.

తర్వాత మూడు ఫ్యాన్లది. తెర మీద రైలు నీళ్ల మీద జారినట్టు పోతోంది. వంతెన దాటాక ఒక మలుపు ఉంది, అది తిరిగాక గానీ సిగ్నల్ కనపడదు. అక్కడ దాదాపు ఎప్పుడూ పచ్చే పడేది. మలుపు దగ్గర ఫ్యాన్లు రయ్యిమని అరిచాయి, బొమ్మ బిగుసుకుపోయింది. మావయ్య చెయ్యెత్తి "పచ్చ!" అన్నారు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. అంతలో బొమ్మ ఒక్క గెంతు గెంతింది. ఎర్ర సిగ్నల్ మా పక్కనుంచే వెనక్కి వెళ్లిపోయింది.

అది ఉత్తుత్తి రైలు. షెడ్డు బయట ఎవరో లారీలో ఇనుము దించుతున్నారు. అయినా ఆ సీట్లో మా శ్రీను కనిపించాడు నాకు. మావయ్య బ్రేకు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అచ్ఛా, నువ్వు తిరిగి అననేదేటి?" అన్నారు.

"నాకు సిగ్నల్ కనపడలేదు మావయ్యా."

"నాకూ కనపడనేదే." ఆయన తెర వంక చెయ్యి చూపించారు. "రోజూ పచ్చే కదా అని నోరు దానంతటదే అనీసినాది. ఇలగ డూటీలో ఎన్నిసార్లు సూడకుండా అనీసినానో! ఆ దేవుడి దయ, అప్పుడు పచ్చే అయ్యుంటాది."

మంచినీళ్ల సీసా అందించాను. సగం చొక్కా మీద పోసుకున్నారు.

మేనేజరు దగ్గరికి నన్ను రానివ్వలేదు, తనే వెళ్లారు. "నేను రెడ్డు దాటించీసినానయ్యా," అని నిలబడే చెప్పారు. ఇంజన్ డ్రైవర్ నోట అంతకన్నా చేదు మాట రాదు. మేనేజరు మంచిగానే నచ్చజెప్పబోయాడు, రెప్పపాటు ఆగినంత మాత్రాన సగటు తగ్గలేదని. మావయ్య ఇంతెత్తున లేచారు. "బొమ్మ ఆగితే బండి ఆగుతాదేటి? నీ సగటు ఎవుల్ని కాపాడతాది?" చివరికి రెండు ఫ్యాన్ల కార్డే పెట్టారు. మూడు ఫ్యాన్లది చెడ్డదని నేననను. చల్లటి గదిలో దానికి తిరుగులేదు, ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది అదే. సిర్గిట్టి ఎండకి మాత్రం పనికిరాలేదు.

ఆ రోజు తర్వాత మావయ్య ఎప్పుడూ ఆ క్యాబిన్లో డ్రైవర్ సీటు ఎక్కలేదు. అసిస్టెంట్ సీట్లోనే కూర్చుని, నేనేదంటే అది తిరిగి అనేవారు, కళ్లు చికిలించి చూసి, ఒక క్షణం ఆగి. ఆయన పోయి కొంతకాలమైంది. ఆ ఆగడం మాత్రం నాకు అంటుకుంది. ఎవరేమన్నా వెంటనే అవునని అనలేను. "అక్కా, హ్యాంగ్ హో గయీ క్యా?" అని శ్రీను హిందీలో వెక్కిరిస్తాడు, నేనూ ఆ తెరలా బిగుసుకుపోయానని.

వాడిప్పుడు నిజం ఇంజన్లో అసిస్టెంట్. డ్యూటీకి వెళ్తూ గేటు దగ్గర బూట్లు వేసుకుని "వచ్చేస్తానక్కా" అంటాడు. "వచ్చేయ్" అనాలి, ఎవరైనా అంటారు. నా నోట రాదు. వాడు వచ్చేదాకా ఇంట్లో ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడుతూ తిరుగుతాను. చివరికి గేటు కిర్రుమంటుంది. కిటికీ దగ్గరికి పరుగెత్తి, వాడి మొహం చూసి, చెయ్యెత్తి గట్టిగా అంటాను, "వచ్చాడు!"

వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వస్తుంది. గుమ్మం దాకా వెళ్లి, తన కళ్లతో చూసి, అప్పుడు అంటుంది.

"వచ్చాడు."