పేరు తెలియని మేనత్తకు ఒక ఆకు

ఇలా నా పక్కకు జరిగి కూర్చోండి. ఈ వాన చప్పుడులో నా గొంతు దూరం పోదు.

మాది యాంగోన్‌లో, అదే రంగూన్‌లో, రేవు పక్కన బోటాటౌంగ్ పేట. రేవులో మూటలు మోయడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ సంతతి మేము. నా చదువు రెండో తరగతితో సరి. మా మనవరాలు మాత్రం ఇంగ్లీషు పుస్తకాలు చదువుతుంది. పోయిన వానాకాలం, కరెంటు లేని మధ్యాహ్నాల్లో ఒక నవల పట్టుకుని, పేజీ పేజీకీ ఆగి, తెలుగూ బర్మా మాటా కలిపి మాకు చెప్పేది. ఆఫ్రికా మనుషుల్ని పట్టి, సంకెళ్ళు వేసి, అమ్మడానికి పెద్ద సముద్రం దాటించిన ఓడల కథ అది.

వింటుంటే ఇల్లే మెల్లగా కదిలినట్టుండేది. కిటికీలోంచి తడిగాలి, నది అవతల దలాకు పోయే పడవ కూత, గోడ మీద ఊగే నీటి వెలుగు. మా అత్త, మా ఆయన తల్లి, చాప మీద కళ్ళు మూసుకుని పడుకునేది. ఎనభై దాటిన మనిషి, నిద్రపోయిందనుకునేవాళ్ళం.

ఒకరోజు కథలో ఒక చిన్నపిల్ల జ్వరంతో పోయింది. ఓడవాళ్ళు పేరైనా అడగకుండా నీళ్ళలోకి వదిలేశారు.

"ఆగే గుంటా," అంది మా అత్త, కళ్ళు తెరవకుండానే. "ఆ పిల్ల పేరేటని రాసినారు?"

"రాయలేదు తాతమ్మా."

"ఎనక్కి తిప్పి సూడు. మా నాన్నకి అప్ప అది, తోడబుట్టినక్క. ఏడేళ్ళ గుంట. వచ్చీ దారిలో ఓడలోనే పోనాది. గోనెలో సుట్టి వదిలేసినారంట. నాన్నకప్పుడు మూడేళ్ళు, పేరు గురుతు నేదు."

పెద్దల అమావాస్యకు మా ఇంట్లో పోయినవాళ్ళకు ఆకు వేసి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తాం. పేరు తెలియని ఆ పిల్లకు ఎవరూ ఏనాడూ ఆకు వెయ్యలేదు. ఆ బెంగ మా అత్తలో ఉన్నట్టు ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియదు. అమావాస్య ఇంకా నాలుగు రోజులుంది. ఏదో ఒక పేరు చెప్పెయ్యమని మనవరాలికి సైగ చేశాను.

అది పుస్తకం మూసేసింది. "అబద్ధం చెప్పలేను తాతమ్మా. ఇది వేరే సముద్రం. వాళ్ళని అమ్మేశారు. మనోళ్ళు కూలికొచ్చారు."

"ఓడల పుస్తకమంటే ఓడల్లో పోనోళ్ళందరూ ఉంటారనుకున్నానే," అని మా అత్త గోడవైపు తిరిగింది.

మళ్ళీ కథ అడగలేదు.

అమావాస్యనాడు అందరికీ ఆకులు వేశాక, మా అత్త తనే ఇంకో ఆకు లాక్కుంది. "ఏటని పిలుత్తావమ్మా, పేరు నేదు కదా?" అన్నాడు మా ఆయన.

"పేరు పోతే పోనాది. వరస పోద్దేటిరా?"

ముద్ద పట్టుకుని నదివైపు తిరిగింది. "మేనత్తా! నీ తమ్ముడి కూతుర్ని. వచ్చి తిను."

పండు ముసలిది ఏడేళ్ళ పిల్లను మేనత్తా అని పిలుస్తుంటే, మా మనవరాలు నవ్వబోయి ఏడ్చేసింది. కాసేపటికి, "మరి పుస్తకంలో పాప?" అంది.

"దానోళ్ళు దానికుంటారే."

"లేకపోతే?"

మా అత్త ఆకును దాని వైపు జరిపింది. "ఈ ఆకులోనే ఇంకో ముద్దెట్టు. ఇద్దరూ ఆడుకుంటా తింతారు."

మీ ఇంట్లో కూడా పిలిస్తే పలికే వరసలు నిండుగా ఉండాలి. మీ పిల్లలు చల్లగా ఉండాలి, మీ పెద్దలు కడుపునిండా తినాలి.