గన్నర్ బతికేటోడా?

సరిహద్దు మంచుకొండల మీది ఆర్మీ పోస్టు కింది బంకరుకు పొద్దున ఆరున్నరకు చేరిన. ఎత్తు ఎంతంటే, మబ్బుల నడినెత్తి కనపడేది. చలి ఎంతంటే, చాయ్ పొయ్యి మీదికెల్లి మూతి దాకా వచ్చేలోపు నమలాల్సి వచ్చేది. నేను ఫౌజుల నర్సింగ్ అసిస్టెంట్‌ని, గాయాలకు కట్లు కట్టేటోణ్ని. అసలు పోస్టు పైన. మధ్యల గంటన్నర ఎక్కుడు.

పైన వంటాయన మా దిక్కు ఏర్గట్ల ఊరోడే. ఇంటికెల్లి తెచ్చుకున్న పసుపు డబ్బాను తుపాకి కంటె భద్రంగ చూసుకునేటోడు. జలుబుకు పసుపు, పంటినొప్పికి పసుపు. రేడియో ఖరాబైతె దానికి గూడ జర అద్దేటోడేమో.

ఓనాడు మెషిన్‌గన్నర్, వంటాయన ఇద్దరే నీళ్లకు మంచు తవ్వ పోయిన్రు. మంచుతోటి జారొచ్చిన మందుపాతర మీద గన్నర్ కాలు పడింది. మనవాళ్లు ఉరికొచ్చేసరికి జర సేపైంది. నాకు రేడియో మోగింది.

"నర్సింగ్, పైకి రా. గన్నర్ కాలు పోయింది. వంటాయన డబ్బడు పసుపు కుక్కిండు."

"పసుపుతోటి ఆగదు. తొడకు బిగించే పట్టీ కట్టున్రి."

"పట్టీలు పెట్టెల ఉన్నయి. తనిఖీల లెక్క తక్కువ రావద్దని తాళమేసిన్రు. తాడు కట్టినం. ఇప్పుడైతె రక్తం వస్తలేదు."

నాకు భయమైంది గా ఆఖరి మాటకే. రక్తం ఆగిందో, ఒడిసిందో. నేను ఎక్కేసరికి అయిపోయింది.

విచారణకు మేజర్ డాక్టర్ హెలికాప్టర్ల దిగిండు. పెన్నుకు గూడ ఇస్త్రీ చేయించుకున్నట్టున్నడు.

"ఇది ఆపగలిగిన చావేనా?"

"ఆపగలిగిందే సాబ్. పట్టీ జేబుల ఉంటె బతికేటోడు."

"నేనడిగింది గాయం సంగతి. పెట్టె సంగతి కాదు."

'ఆపలేని చావు' అని రాసిండు. గా ఒక్క ముక్కతోటి అందరు బతికిన్రు, గన్నర్ తప్ప. పెట్టె తాళం పెట్టెకే ఉంది.

డ్యూటీ అయినంక వంటాయన, నేను కలిసే వచ్చినం. సికింద్రాబాద్‌ల రైలు దిగి ఆర్మూర్ బస్సెక్కినం. డిచ్‌పల్లి దాటినంక నోరు విప్పిండు.

"ఎవ్వలున్నా ఆగకపోయేదట గదనే అన్నా. ఇగ ఫికర్ లేదు. పాపం, మనోళ్లు రాకముందే వానికి మతి తప్పింది. నోట మాట లేదు, ఒకటే బెల్టు ఇప్పుతున్నడు. గంత చలిల బట్టలిప్పితె ఎట్ల? నేనే ఆపిన."

"ఎట్ల ఆపినవ్?"

నా చెయ్యి పట్టి నా బెల్టు మీద పెట్టిండు. దాని మీద తన చెయ్యి పెట్టి ఒత్తిండు.

"గిట్ల. మస్తు గుంజిండు. నేను ఇడవలే."

తొడకు బెల్టు బిగిస్తె బతుకుతనని గన్నర్‌కు తెలుసు. గా మాట నేను వంటాయనకు చెప్పలే.

ఇప్పటికీ బెల్టు పెట్టుకోంగ నా చెయ్యి మీద ఇంకో చెయ్యి వచ్చి కూసుంటది. వెచ్చగ, ప్రేమగనే. కదలనియ్యది.