ఏడుపు తీయని బావ

మా అక్క మొగుడికి ఈ లోకంలో ఒకటే బలహీనత. ఎదుటివాళ్ళ కళ్ళు చెమ్మగిల్లాయంటే చాలు, కెమెరా పక్కకి తిప్పేస్తాడు. తాగుడు లేదు, పేకాట లేదు, ఇదొక్కటే. కానీ కెమెరా పట్టుకుని పొట్టపోసుకునేవాడికి ఇలాంటి బలహీనత ఉండటమంటే వంటవాడికి పొయ్యంటే భయం ఉన్నట్టే.

నా పెళ్ళి వీడియో ఆయనే తీశాడు. మా అమ్మ కళ్ళు తుడుచుకున్న చోటల్లా తెరమీద నీళ్ళ డ్రమ్ము కనబడుతుంది. అది చూసి మా మావగారు, "మీ వైపు పెద్దవాళ్ళలో ఈ డ్రమ్ము ఎవరి తాలూకు అల్లుడూ?" అని అడిగాడు. మా బావని నిలదీస్తే, "డ్రమ్ముకి వెలుతురు బాగా పడిందిరా" అన్నాడు.

మేమిద్దరం సర్కారు టీవీలో పనిచేసేవాళ్ళం. ఆయన తీసేవాడు, నేను కత్తిరించేవాణ్ణి. జీతాలు జనం కట్టే పన్నుల్లోంచి వచ్చేవి కాబట్టి ఎవరైనా చూస్తున్నారో లేదో అడిగే నాథుడు లేడు. వాన పడితే ఎడిటింగ్ గదిలో బకెట్ పెట్టుకునేవాళ్ళం. చెవిటివాళ్ళకి చేతిసైగల వార్తలు, పైరుకి పురుగు పడితే ఏం చేయాలో చెప్పే పాఠాలు, ఇలా పైసా లాభం లేని పనులన్నీ మావే. మంత్రిగారు కత్తిరించే రిబ్బన్లూ మావే. ఒకసారి మంత్రిగారు సభలో పేదల్ని తలుచుకుని కన్నీరు పెట్టుకున్నారు. మా బావ ఆ కన్నీటిని వదిలేసి వేదిక వెనక పరదాని తీసుకొచ్చాడు. డైరెక్టరుగారు పిలిపించారు.

"మంత్రిగారు ఏడ్చారటగా?"

"ఏడ్చారండి."

"మరి పరదా తీశావేమయ్యా?"

"అది ఏడవడం లేదు కదండీ."

ఆ ఏడంతా ఆయనచేత గిడ్డంగిలో పాత టేపుల దుమ్ము దులిపించారు.

మేమేమీ సత్యహరిశ్చంద్రులం కాదు. ఊరి చివర చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో, పనివాళ్ళు మధ్యలో వెళ్ళిపోకుండా పక్క తలుపులకి తాళాలు వేస్తున్నారని అక్కడి ఆడవాళ్ళు మా దగ్గరికొచ్చి చెప్పుకున్నారు. పైవాళ్ళు ఆ వార్త ఆపేస్తే మేమూ ఊరుకున్నాం. ఫ్యాక్టరీ యజమాని మంత్రిగారికి వియ్యంకుడు.

కొన్నాళ్ళకి, చూసేవాళ్ళు లేని టీవీ దండగని ప్రభుత్వం నిధులు ఆపేసింది. ఆఖరి రోజున అందరం ఒకరి భుజం మీద ఒకరం పడి ఏడుస్తుంటే, మా బావ శ్రద్ధగా బకెట్‌ని వీడియో తీశాడు.

ఇద్దరం ప్రకటనలతో బతికే ఓ ఛానల్లో చేరాం. అక్కడ కప్పు కారదు, కుర్చీలు గుండ్రంగా తిరుగుతాయి. న్యూస్ ఎడిటరు మొదటి రోజే వ్యాపార రహస్యం చెప్పాడు.

"ఏడ్చే మొహం మీద బ్రేక్ వేయాలి. తర్వాతేమవుతుందోనని జనం కుర్చీల్లోంచి లేవరు. అప్పుడు సబ్బు ప్రకటన వదలాలి."

మా బావ నా చెవిలో, "ఏడ్చినవాళ్ళు మొహం కడుక్కోడానికేమోరా" అన్నాడు.

ఎండలు, వానలు, కూరగాయల ధరలు వీడియో తీస్తూ ఆయన ఎలాగో నెట్టుకొచ్చాడు. టమాటాలు ఏడవవు కదా.

ఒక మధ్యాహ్నం ఆ చొక్కాల ఫ్యాక్టరీ తగలబడింది. కుట్టు మిషన్ల దగ్గరున్న ఆడవాళ్ళు చాలామంది బయటికి రాలేదు. కెమెరా పట్టగలిగిన ప్రతివాణ్ణీ ఎడిటరు అక్కడికి తరిమాడు. బావ పంపే దృశ్యాలు ఆఫీసులో నా ముందున్న తెరమీదికి వస్తున్నాయి. ఆవరణలో ఒక తల్లి నేలమీద చతికిలబడి ఉంది. ఆమె కూతురు ఇంకా లోపలే ఉంది. చుట్టూ మైకులు. "ఇప్పుడు మీకెలా అనిపిస్తోందమ్మా?" అని ఎవడో అడుగుతున్నాడు.

"దగ్గరికి వెళ్ళు. ఇంకా దగ్గరికి. మొహం కావాలి" అని ఎడిటరు ఫోన్లో బావని తొందరపెట్టాడు.

మొహం తెర నిండా వచ్చింది. కింది పెదవి వణికింది. అంతే, కెమెరా పక్కకి తిరిగిపోయింది. మసిబారిన గోడ, గోడలో ఒక ఇనుప తలుపు, తలుపుకి బయటినుంచి తాళం. కెమెరా అక్కడే నిలబడిపోయింది.

ఎడిటరు గొంతు తగ్గించి, "తాళం తెరమీద వేయొద్దు. వచ్చే బ్రేక్‌లో వాళ్ళ చొక్కాల ప్రకటనే ఉంది" అన్నాడు.

ఆ తల్లి మొహాన్ని ఇంకో కెమెరా నుంచి తెచ్చి, సబ్బుకీ సబ్బుకీ మధ్య మర్నాటిదాకా తిప్పారు. మా బావ ఉద్యోగం ఊడింది. ఈలోగా తాళం మాయమైంది. తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంచుతామని యజమాని చెప్పాడు. నేను ఆ దృశ్యానికి నకలు తీసి విచారణ జరిపే జడ్జిగారికి అందజేసి, నా సంచీ కూడా సర్దుకున్నాను.

విచారణలో యజమాని తరఫు లాయరు మా బావని గుచ్చిగుచ్చి అడిగాడు.

"అక్కడ అంతమంది ఉండగా నువ్వు ఆ తలుపే ఎందుకు తీశావు?"

"నేను తీయలేదండీ. తాళం వేసి ఉంది."

హాలంతా గొల్లున నవ్వింది. జడ్జిగారు తల వంచుకుని రాసుకున్నారు.

"కెమెరాతో ఎందుకు తీశావయ్యా అంటున్నాను" అన్నాడు లాయరు.

"అదా అండీ. ఆవిడకి ఏడుపొస్తోంది. ఎటో ఒకవైపు తిప్పాలి కదా."

యజమానికి శిక్ష పడింది. పైకోర్టుకి వెళ్ళి ఇప్పటికీ బయటే తిరుగుతున్నాడు. ఫ్యాక్టరీ పేరు మార్చుకుని అవే చొక్కాలు అమ్ముతోంది. లోపలున్నవాళ్ళు మాత్రం లోపలే ఉండిపోయారు.

తీర్పు వచ్చిన రోజు ఆ తల్లి కోర్టు వరండాలో మా బావని వెతుక్కుంటూ వచ్చింది.

"ఆ రోజు అన్ని కళ్ళూ నా మొహం మీదే ఉన్నాయి నాయనా. ఏడుపు బయటికి రానే లేదు. నువ్వొక్కడివి అటు తిరిగాకే నా పిల్ల కోసం ఏడవగలిగాను."

మా బావ చేతిలో కెమెరా లేదు తిప్పడానికి. అందుకని తనే గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

ఆవిడ అది చూసి, "ఇటు తిరుగు నాయనా, నా దగ్గర కెమెరా లేదులే" అంది.

"ఫర్లేదమ్మా" అన్నాడు మా బావ ముక్కు చీదుకుంటూ, "గోడకి ఈమధ్యే సున్నం వేసినట్టున్నారు. చూస్తున్నాను."

ఆవిడ నవ్వింది.