ఎలుకల ముత్తయ్య

ముత్తయ్య హైదరాబాద్‌లో గుమాస్తా అని అతని సొంతూరు లక్సెట్టిపేటలో అందరూ అనుకునేవారు. ఆ అబద్ధం చెప్పింది అతనే. నిజానికి 1961 నుంచి ఒక పరిశోధనశాలలో తెల్ల ఎలుకలకు మేత పెట్టి, బోన్లు కడిగేవాడు. అక్కడ ఎలుక కాలిలో క్యాన్సర్ గడ్డ పెంచి, తర్వాత కాలే తీసేసేవారు. గాయం మానేది, ఎలుక తిని తిరిగేది. మూడు వారాలకు ఆయాసంతో చచ్చేది. కోసి చూస్తే ఊపిరితిత్తుల నిండా తెల్లటి గింజలు. కాలు తీయకముందే రోగం నెత్తుటి వెంట పాకిందని పరిశోధకుడు దేవదాస్ చెప్పేవాడు.

1964 ఎండాకాలంలో ఇంటికి వస్తే చెల్లెలు బుచ్చవ్వ ఆగకుండా దగ్గుతోంది.

"ఎన్నాళ్ల సంది?"

"నెలాయె. పోయినేడు రొమ్ముల గడ్డ లేస్తే మనూరి డాక్టర్ కోసిండు. పరేషానైతవని నీకు చెప్పలేదన్నా."

ముత్తయ్య నేరుగా ఆ డాక్టర్ దగ్గరికి పోయాడు.

"నా చెల్లె బుచ్చవ్వకు కోసిన గడ్డను పరీక్షకు పంపిన్రా సాబ్?"

"పారేసినం. గడ్డ పోయింది, రోగం పోయింది."

"క్యాన్సరైతే పోదు సాబ్. ఊపిరితిత్తులకు పాకుతది. ఎలుకలల్ల చూసిన."

"ఎలుకలల్లనా? నువ్వేం పని చేస్తవ్?"

"బోన్లు కడుగుత."

డాక్టర్ పకపకా నవ్వాడు. "ఎలుకల పెంట ఎత్తెటోడు నాకు వైద్యం నేర్పుతుండు!" బెంచీల మీది రోగులూ నవ్వారు.

ముత్తయ్య చెల్లెలిని మంచిర్యాలలో రైలెక్కించి హైదరాబాద్ తీసుకుపోయాడు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులనిండా మచ్చలు. వానాకాలం పోకముందే బుచ్చవ్వ చనిపోయింది.

కర్మకాండ ముగిసిన మర్నాడు ముత్తయ్య ఆ ఎక్స్‌రేను డాక్టర్ బల్ల మీద విసిరికొట్టాడు.

"చూడు."

డాక్టర్ చూశాడు. "ముందే తెలిసినా ఆమె బతుకకపోతుండె."

"బతుకకపోవచ్చు. గని నువ్వు చూడనే లేదు. అడిగితే నవ్వినవ్!" అతను బెంచీల వైపు తిరిగాడు. "నేను గుమాస్తాను గాదు. ఎలుకల బోన్లు కడుగుత. గడ్డ కోస్తే పారేయనియ్యకున్రి. పరీక్షకు పంపమని కొట్లాడున్రి!"

"పోలీసులను పిలుస్త!"

"పిలువు!"

బెంచీ మీంచి కిష్టవ్వ అనే రైతు మనిషి లేచింది. "అన్నా, నాకు సుత గడ్డున్నది. రేపు కోస్తనన్నడు. నన్ను గూడ పట్నం తోల్కపో."

ఆమెది క్యాన్సరే. ఇంకా పాకలేదు. పట్నం ఆసుపత్రిలో కోశారు, బతికింది. ఏడాది తర్వాత కొత్త బియ్యం తెచ్చి, "నీ దయవల్లనే బతికిన" అంటూ దండం పెట్టబోయింది.

"దండం పెట్టకు!" ముత్తయ్య అరిచాడు. "మూడేండ్లు ఎలుకలను చూసి సుత, నా పని చెప్పుకోను సిగ్గైంది. ముందే చెప్తే గడ్డ లేసినప్పుడే నా చెల్లె నన్ను అడుగుతుండె. నన్నడుగుతుండె!"