చెవికి ఎంగిలేంటి

మా అత్తవారింట్లో పెదవి తగిలితే ఎంగిలి. చెవికి మాత్రం ఆ పట్టింపు లేదు.

మా అత్తగారిది కోనసీమ. మంచినీళ్ళ గ్లాసు ఎవరి పెదవికైనా తగిలిందంటే మళ్ళీ తోమించేదాకా ఊరుకోరు. మా మరిది ఆవిడ పెంపకమే. చెంబు పైకెత్తి చుక్క ఒలక్కుండా గొంతులో పోసుకుంటాడు. అలాంటివాడు "వదినా, ఓసారి ఇద్దురూ" అని నా వైరు ఇయర్‌బడ్స్ పట్టుకుపోయి, రోజంతా చెవుల్లో కుక్కుకుని, సాయంత్రం తెచ్చిచ్చేవాడు. చిల్లుల నిండా పచ్చటి గుబిలి.

"తుడిచి ఇవ్వచ్చు కదయ్యా" అంటే "చెవికి ఎంగిలేంటి వదినా" అని నవ్వేవాడు. "నిజమే కదమ్మాయ్" అని అత్తగారు వంతపాడేవారు. ఛీ, ఏం మనుషులురా బాబూ అనుకునేదాన్ని.

నాకు పాటలు షోకుకి కాదు. రోజూ రాజమండ్రి నుంచి ధవళేశ్వరం ఆఫీసుకి షేర్ ఆటోలో వెళ్ళాలి. సీటు వెనక స్పీకరు డబ్బా, దాని మోతకి నడుం అదురుతుంది. పక్కావిడ ఫోన్లో రీల్స్, ఎదుటాయన నోట్లో గుట్కా. ఇంటి చాకిరీకీ ఆఫీసు చాకిరీకీ మధ్య నాకంటూ మిగిలింది ఆ ప్రయాణమే. ఆ కాసేపూ వీణ వినకపోతే రోజంతా ఎవరో ఒకరిని కసురుకుంటూనే ఉంటాను.

అందుకని మంచి హెడ్‌ఫోన్స్ కోసం షాపులన్నీ తిరిగాను. ఎక్కడికెళ్ళినా ఒకటే పాట, "బేస్ చూడండి మేడమ్, అదిరిపోద్ది" అని. అదిరేవాటితోనే కదా నా గోల. ఒకదాంట్లో వీణ పెట్టమంటే డప్పు వినిపించింది. ఇంకోటి కొంటే మన ఉక్కపోతకి దాని రెగ్జిన్ నానిపోయి పొట్టు పొట్టుగా రాలింది. "మీ చెవి మీద నల్లగా ఏంటండీ, పురుగా?" అని ఆఫీసులో పక్క సీటావిడ అడిగేసరికి తీసుకెళ్ళి చెత్తబుట్టలో పారేశాను.

ఆఖరికి ఒకటి కుదిరింది. తేలిక, చెవికి గుడ్డ మెత్త, వైరు లేదు. తీగ మీద వేలు జారే చప్పుడు కూడా వినిపించింది. మరిది కంటబడకుండా ఆఫీసులోనే ఛార్జింగు పెట్టుకుని, ఇంట్లో సంచి దాటించేదాన్ని కాదు.

ఓ సాయంత్రం ఆటో దిగేసరికి మా వీధి చివరింట్లో పెద్దావిడ పోయారని తెలిసింది. మెడలో హెడ్‌ఫోన్స్ ఉన్న ధ్యాసే లేకుండా లోపలికెళ్ళి పలకరించి వచ్చాను. చావింటికి వెళ్ళొచ్చిన మైల కదా, పెరటి దారినే వెళ్ళి, ఫోనూ హెడ్‌ఫోన్సూ నూతి గట్టు మీద పెట్టి స్నానానికి దూరాను. తల తుడుచుకుంటూ వచ్చి చూస్తే హెడ్‌ఫోన్స్ పసుపునీళ్ళ బకెట్లో మునిగి ఉన్నాయి.

"ఇదేంటండీ అత్తయ్యగారూ" అన్నాను.

"మెడలో వేసుకునే వెళ్ళొచ్చావు కదమ్మాయ్. తడపొద్దూ?"

"మరి ఫోను తడపలేదే?"

"అది కరెంటుది, పాడైపోదూ? రెండు చుక్కలు చిలకరించి ఊరుకున్నాను. దీనికి వైరే లేదు. నువ్వు ఛార్జింగు పెట్టగా నేనెప్పుడూ చూళ్ళేదు."

రాత్రంతా ఆరబెట్టి చూశాను, ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు రెండు పూటలా ఆటో మోత భరించి, ఇంటికొచ్చి అందరి మీదా విరుచుకుపడ్డాను.

ఆ మరుసటి పొద్దున చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు దగ్గరికొచ్చారు. చేతిలో నా పాత ఇయర్‌బడ్స్, మరిది వాడి వదిలేసినవి, తళతళలాడుతున్నాయి.

"పాటల్లేక చిరాకు పడుతున్నావని శుభ్రంగా గీకి పెట్టానమ్మా" అన్నారు.

దేంతో గీకారో అడగక్కర్లేకపోయింది. ఆవిడ గాజులకి వేలాడే పిన్నీసు కొన ఇంకా పచ్చగానే ఉంది. రోజూ మధ్యాహ్నం కునుకు తీసేముందు ఆవిడ తన చెవులు తవ్వుకునేదీ దాంతోనే. తీసుకుని సంచిలో పడేశాను.

ఆటో ఎక్కాను. వెనక డబ్బా మొదలెట్టింది. ఎదుటాయన బయటికి తల పెట్టి ఉమ్మాడు, తుంపర నా చేతి మీద పడింది. కాలవ గట్టు వచ్చేదాకా పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ఇక నావల్ల కాక, కళ్ళు గట్టిగా మూసుకుని ఇయర్‌బడ్స్ చెవుల్లో పెట్టుకున్నాను. ఛీ, ఛీ అనుకుంటూనే ఉన్నాను. వీణ మొదలైంది. ధవళేశ్వరం వచ్చేదాకా వాటిని తియ్యలేదు.