దేని మొక్కు?

చిన్నప్పటి నుంచీ నాకు అడిగే జబ్బు ఉంది. పక్కింట్లో తాలింపు చిటపటలాడితే ఏం కూరని గోడ మీది నుంచి అడిగేదాన్ని. విన్నది దాచుకోవడమూ రాదు. "నీ నోట్ల నువ్వుగింజ నానదు" అని మా అవ్వ తిట్టేది. అలాంటిదాన్ని పట్టుకొచ్చి మనస్తత్వశాస్త్ర పరిశోధనలో పెట్టారు. పిల్లలకు పెద్ద జబ్బు చేసిన ఇళ్లకు వెళ్లి, ఆ ఇంటివాళ్లు దాన్ని ఎలా తట్టుకుంటున్నారో అడిగి రాసుకోవాలి. ఒకరు చెప్పింది అదే ఇంట్లో ఇంకొకరికి చెప్పకూడదు.

చొప్పదండి దగ్గర ఒక పల్లెలో తొమ్మిదేళ్ల పాపకు రక్త క్యాన్సర్. హైదరాబాద్‌లో మందులు ఎక్కిస్తుంటే జుట్టంతా రాలిపోయింది. తండ్రి మస్కట్‌లో కూలి. "మీ బాధ ఇంట్లో ఎవరితో చెప్పుకుంటారు?" అని పాప తల్లిని అడిగాను.

"ఎవ్వలితోని లేదని రాయి, మేడం."

"పాప బాపుతో?"

"ఆయనకు చెప్పలే. కంపెనీ ఇప్పట్ల సెలవియ్యది. అంత దూరంల ఉండి ఏం జేస్తడు, పరేషాన్ అయితడు."

"వీడియోలో గుండు కనబడుతుంది కదా?"

"ఎములాడ రాజన్నకు తలనీలాలిచ్చినమని చెప్పిన."

ఆ అబద్ధం నాకు తెగ నచ్చింది. వేములవాడ రాజన్నకు మొక్కే మా జిల్లాలో గుండుకు అంతకన్నా మంచి కారణం దొరకదు. కానీ తిరుగు బస్సులో ఒక అనుమానం మొదలైంది. పాప పుట్టువెంట్రుకలు ఎప్పుడో తీయించి ఉంటారు. మళ్లీ గుండంటే మొక్కు ఉండాలి. ఆపద రాకుండా ఎవరైనా మొక్కుతారా? ఇక్కడే పుట్టి పెరిగిన ఆ తండ్రికి ఆ సంగతి తెలియదా?

రెండోసారి పాపతో మాట్లాడే వంతు. పిల్లలను నేరుగా అడగం, బొమ్మలు గీయిస్తాం. తల్లి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఇంట్లోవాళ్లను గీయమంటే పాప అవ్వకు, అంటే తల్లికి, పొడుగు జడ వేసింది. పక్కన రెండు గుండ్లు గీసి, ఒకదానికి మీసాలు పెట్టింది.

"మీ బాపుకు జుట్టు లేదా?"

"ఉండె. తీపిచ్చుకుండు." పెరటివైపు చూసి గొంతు తగ్గించింది. "అవ్వ చాయ్ పెట్టవోయినప్పుడు ఫోన్ల టోపీ తీసి సూపిచ్చిండు. అంతకు ముందుగాల ఏమైంది బిడ్డా అని అడిగితె అంత చెప్పిన. నీతోటి నేను సుత మొక్కిన అన్నడు. అవ్వకు చెప్పద్దు, ఏడుస్తదన్నడు."

ఇంటికి వచ్చి మొదటి కాగితం తీసి చూశాను. "ఎవరితోనూ లేదు" అని నా చేతిరాతే. నాకు ఏడుపొచ్చింది, ఆ తర్వాత మా నియమం మీద కోపం వచ్చింది. ఒక్కదాన్నే మోస్తున్నానని ఆ తల్లి నా కళ్లముందే చిక్కిపోతోంది. చెబితే నన్ను నమ్మిన పిల్లను మోసం చేసినట్టు, చెప్పకపోతే తల్లిని అలా వదిలేసినట్టు. పది రోజులు నువ్వుగింజను ఎలా నానబెట్టానో నాకే తెలుసు.

చివరిసారి వెళ్లింది శుక్రవారం, మస్కట్‌లో ఆయనకు సెలవు రోజు. కాగితాలన్నీ సంచిలో పెట్టేశాక, వాటిలో లేని ప్రశ్న ఒకటి అడిగాను. అడగడం తప్పో ఒప్పో ఇప్పటికీ తేలలేదు.

"దేని మొక్కు అని ఆయన అడగలేదా?"

"అడగలే" అంది వెంటనే, బియ్యం చెరుగుతూ. కాసేపటికి చాట ఆగింది. "పోరి తుమ్మితె పదిసార్లు ఫోన్ జేసేటోడు. గిదెందుకు అడగలే?" మళ్లీ తనే అంది: "ఎండల టోపీ పెట్టమంటె పెట్టనోడు, రూంల కూసోని టోపీ ఎందుకు పెట్టుకుంటుండు?"

పాప నావైపు చూసింది. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

ఫోన్ మోగింది. ఆమె దాన్ని గోడకు ఆనించి, పాపను పక్కన కూర్చోబెట్టుకుంది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"జర గా టోపీ తియ్యి."

ఆయన కదల్లేదు. ఆమె మళ్లీ అడగనూ లేదు. చివరికి ఆయనే టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని తల వంచాడు. ఆమె ఏడ్చింది, అటు ఆయనా ఏడ్చాడు. ఒకరినొకరు ఏమీ అడగలేదు. పాప మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. అప్పటిదాకా నేను మేడంనే.

"అక్కా, ఎవ్వలితోని లేదని రాసినవ్ గద. గా మాట కొట్టెయ్యి."