లక్ష్మవ్వ ఒప్పుకోని ఎకనామిక్స్

బొంబాయి కామాటిపురలో ఎకనామిక్స్ పాఠాన్ని బతుకమ్మ పాటగా కట్టిన మనిషి ఎవరంటే నీత ఒక్కతే. ఆ పాట పుణ్యమా అనే ఆమె పరీక్ష తప్పింది కూడా. నలభైకి దగ్గరపడ్డ ఆడమనిషికి పన్నెండో తరగతి పరీక్షతో పనేమిటని మీరు అడగవచ్చు. గదికో కాపురం ఉండే ఆమె చాల్‌లో సగంమంది అదే అడిగారు.

నీత తాతలు పాలమూరు నుంచి బొంబాయికి ఇళ్ళు కట్టే పనికి వచ్చినవాళ్ళు. ఆమె ఫోరస్ రోడ్ పక్క గల్లీలో ఒక చాల్ కింది అంతస్తులో పుట్టి, అదే చాల్ రెండో అంతస్తుకు కోడలిగా ఎక్కింది. అత్తవారింటికి పోవడమంటే ఆమెకు మెట్లెక్కడమే. మరాఠీ బడిలో బాగానే చదివేది కానీ, పన్నెండో తరగతి మధ్యలో పెళ్ళి ముహూర్తం వచ్చి పడింది. పుస్తకాలు అటక మీదికి పోయాయి. ఇప్పుడు భర్త అతుల్ కొరియర్ వ్యాను నడుపుతాడు. కూతురు స్నేహల్ కామర్స్ కాలేజీలో ఉంది. నీత గల్లీ చివరి అంగన్‌వాడీలో ఆయా.

ఆయా పని అంటే పిల్లల ముక్కులు తుడవడం, కిచిడీ వడ్డించడం, నిద్రపోయినవాళ్ళను చాప మీదికి చేర్చడం. నీత అంతటితో ఊరుకునే రకం కాదు. టీచరమ్మ రాని రోజున పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని కాకి కథో పిల్లి కథో ఎత్తుకుందంటే, ఏడుస్తూ వచ్చిన పిల్ల ఇంటికి పోనని మారాం చేసేది. ఆ టీచరమ్మ ఈ ఏడాది రిటైర్ అవుతోంది. పన్నెండు పాసైతే ఆ ఉద్యోగం నీతకే వస్తుంది, లేదంటే బయటి నుంచి ఎవరో వస్తారు. నీత పెద్ద పెద్ద ఆశలు పెట్టుకునే మనిషి కాదు, ఈ ఒక్కదాని మీద మాత్రం ప్రాణం పెట్టుకుంది.

ప్రైవేటుగా ఫీజు కట్టింది. మిగతా సబ్జెక్టులకు భయపడలేదు. ఎకనామిక్స్ పుస్తకం తెరిస్తే మాత్రం ఆవలింతలు వచ్చేవి. మరాఠీయే, అక్షరాలన్నీ తెలిసినవే, అర్థం మాత్రం గుమ్మం దాకా వచ్చి లోపలికి రాదు. అప్పుడే ఆమెకు తన గొంతు గుర్తొచ్చింది. దసరా రోజుల్లో చాల్ వెనక ఖాళీ జాగాలో బతుకమ్మలు పెట్టి ఆడేటప్పుడు, పక్కింటి రత్నాబాయి పాట ఎత్తుకుంటుంది. ఎంత పొడుగు పాటైనా నీత ఒక్క ముక్క మర్చిపోదు. తెలుగు సరిగ్గా రాని పడుచుపిల్లలు ఆమె పెదాలు చూస్తూ పాడేస్తారు. ఇంతటి నోరు పెట్టుకుని బట్టీ పట్టడానికి భయమెందుకు అనుకుంది.

డిమాండు సూత్రాన్నీ, దాని షరతులనూ, మినహాయింపులనూ పుస్తకంలోని మరాఠీ మాటల్లోనే ముక్కలుగా కోసి, ప్రతి ముక్క చివరా ఉయ్యాలో అని తగిలించింది. చపాతీలు ఒత్తుతూ పాడింది, బట్టలు పిండుతూ పాడింది. కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళకు కూడా ఆ పాట నోటికొచ్చేసింది. రత్నాబాయి అయితే ఒకరోజు జాతీయ ఆదాయం మీద చరణం ఎత్తుకుని చప్పట్లు కూడా కొట్టింది.

ఫిబ్రవరిలో పరీక్ష హాల్లో కూర్చుని నీత ప్రశ్నపత్రం విప్పింది. అలవాటు పడ్డ వస్తువుల డిమాండు గురించి ఒక ప్రశ్న. అది పాటలో ఎక్కడో మధ్యలో ఉంది. పాటను మధ్యలోంచి ఎత్తుకోవడం నీతకు రాదు, ఆ మాటకొస్తే ఎవరికీ రాదు. మొదటి చరణం నుంచి లోలోపల పాడుకుంటూ వచ్చి, అక్కడ ఆగి, రాసింది. మరో ప్రశ్నకు మళ్ళీ మొదటి నుంచి. ఒకసారి ఉయ్యాలో అని పైకే అనేస్తే, కాపలా ఉన్న సారు పాటలు ఇంటికెళ్ళి పాడుకోమ్మా అన్నాడు. తర్వాత పేజీ తిప్పితే ఇంకా అన్యాయం. కొన్ని వాక్యాలిచ్చి, వీటితో మీరు ఏకీభవిస్తారా లేదా, కారణాలతో రాయండి అని ఉంది. ఆమె పాటలో కారణాలే లేవు. సగం కాగితం తెల్లగా వదిలేసి బయటికొచ్చింది.

అన్నీ పాసై అదొక్కటీ తప్పింది. జూలైలో మళ్ళీ రాయవచ్చు, ఈ ఏటికి అదే ఆఖరు. నీత ఏం చేసిందనుకున్నారు? అదే పాటను ఇంకా గట్టిగా పాడడం మొదలుపెట్టింది.

ఇక్కడ లక్ష్మవ్వ సంగతి చెప్పాలి. లక్ష్మవ్వ నీతకు అత్త. బడి గుమ్మం తొక్కలేదు. వయసులో ఉన్నన్నాళ్ళూ తట్టలతో ఇసుకా సిమెంటూ మోసింది, ఇప్పుడు తమ ఒంటిగది ఖోలీ గుమ్మంలో కూర్చుని పళ్ళకు మిస్రీ రుద్దుకుంటూ ముందున్న వరండా గ్యాలరీలో పోయేవాళ్ళందరినీ పలకరిస్తుంది. పొగాకు కాల్చి నూరిన ఆ నల్లపొడి లేనిదే ఆమెకు పొద్దు గడవదు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఎవరేమన్నా ఒప్పుకోదు. మబ్బు పట్టింది, వాన వస్తుందంటే రాదంటుంది. వచ్చి తడిసి ముద్దయ్యాక, ఇదేం వాన, మా ఊళ్ళె పడేది వాన అంటుంది.

ఒకరోజు పొద్దున నీత గుమ్మం దగ్గర తోటకూర తరుగుతూ పాడుతుంటే ఆమె విసుక్కుంది.

“ఏ నీతా, దసరా కాడికెల్లి గదే పాట ఇంటున్న. గండ్ల ఏమున్నదే?”

“గదే అత్తమ్మా, ధర పెరిగితే కొనుడు తగ్గుతది. ధర తగ్గితే కొనుడు పెరుగుతది.”

“నేనొప్ప.”

“నువ్వు ఒప్పేదేంది? బుక్కుల రాసుంది.”

“రాస్తే రాసిండ్రు. ఎందుకు తగ్గుతదో చెప్పు.”

నీత నోరు తెరిచింది. పాటలోని మాట ఒకటి బయటికొచ్చింది, దాని వెనక ఇంకోటి వచ్చింది. “అది నాకు సమజ్ గాలే, తెలుగుల చెప్పు” అంది లక్ష్మవ్వ. పాటంతా వచ్చిన నీత, అందులో ఒక్క ముక్కను ఇంటిభాషలో చెప్పలేక నీళ్ళు నమిలింది. అన్ని నెలలుగా తనకు వచ్చనుకున్నది ఏదీ తనకు రాదని ఆ తోటకూర ముందు కూర్చుని తెలుసుకుంది. పాపం, చాలా సిగ్గుపడింది.

లోపల తల దువ్వుకుంటున్న స్నేహల్ దువ్వెనతో సహా బయటికి పరుగెత్తుకొచ్చింది.

“అరే మమ్మీ, పేపర్ల హేచ్ విచార్తాత్! గిదే అడుగుతరు, ఒప్పుకుంటవా లేదా, ఎందుకు అని. బుక్కు బంద్ చెయ్. పాట కూడా బంద్. దినాం ఒక లెసన్ చదువు, ఆజీకి చెప్పు. ఆజీ ఒప్పుకున్నదంటే నువ్వు పాస్.”

“నేనెందుకు ఒప్పుకుంట?” అంది మనవరాలు ఆజీ అని పిలిచే లక్ష్మవ్వ, అప్పుడే పంతానికి దిగి.

ఆ రోజు నుంచి ఆ గుమ్మం దగ్గర జరిగిందే నీత చదువు. పొద్దున్నే కుళాయి గొడవ ముగిశాక ఒక పాఠం చదివేది. పుస్తకం మూసి స్నేహల్ చేతికిచ్చి, కూరగాయలు ముందేసుకుని అత్తకు చెప్పడం మొదలుపెట్టేది, చివర ఒప్పుకుంటవా అత్తమ్మా అని అడిగేది. ఎక్కడ తడబడితే అక్కడి వరకే మళ్ళీ తెరిచి చూడాలని కూతురి షరతు. వారం కిందటి పాఠాన్ని ఉన్నట్టుండి అడిగేది స్నేహల్, అదీ వరసలో కాదు, కాలేజీకి చెప్పులు వేసుకుంటూ ఎక్కడిదో ఒక ప్రశ్న విసిరి మెట్లు దిగిపోయేది. ఆదివారాల్లో పాత ప్రశ్నపత్రం ముందు పెట్టి, ఎదురుగా గడియారం పెట్టి రాయించేది. కూతురు తల్లిని ఇలా కాల్చుకు తింటుంటే అతుల్ మాత్రం చాయ్ పెట్టి ఇచ్చి, తనను ఏ ప్రశ్నా అడగకముందే వ్యాను దగ్గరికి జారుకునేవాడు.

లక్ష్మవ్వ మాత్రం చెవులప్పగించి వినేది. విని, తగవు పెట్టుకునేది. ధర పెరిగినా అలవాటు పడ్డ వస్తువును జనం కొనడం మానరని నీత చెప్పినప్పుడు, మిస్రీ డబ్బా మూత పెట్టేసి చీర కొంగు కింద దాచుకుంది. “నా మిస్రీ ముచ్చట గవర్నమెంటోళ్ళకు ఎవరు చెప్పిండ్రే?” అని నిలదీసింది. తినేకొద్దీ తృప్తి తగ్గుతుంది, మొదటి భజియా ఇచ్చిన సంతోషం ఐదో భజియా ఇవ్వదు అంటే, ఒక ఆదివారం వానలో ప్లేటు నిండా తెప్పించుకుని తిని చూసింది. ఆఖరుది సగం తిని పక్కన పెట్టి, “భజియలకైతే అట్లనే ఉన్నది. మరి స్నేహల్ పుట్టినప్పుడు ఎన్ని ముద్దులు పెట్టిన? ఒక్కటన్న తక్కువైందా?” అంది. నీత లేచి లోపలికి వెళ్ళింది. పుస్తకం తెచ్చి వెతికింది. ఆ సూత్రానికీ మినహాయింపులు ఉన్నాయని అప్పుడే శ్రద్ధగా చదివింది, ఇక మర్చిపోలేదు.

జాతీయ ఆదాయం దగ్గర పెద్ద యుద్ధమే అయింది. దేశంలో ఏడాదిలో తయారైన వస్తువులూ చేసిన పనులూ అన్నింటి విలువ కలిపితే జాతీయ ఆదాయం, కానీ ఆడవాళ్ళు ఇంట్లో చేసే పని అందులో కలపరు అంది నీత.

“నేను సిమెంటు మోసింది?”

“అది కలుపుతరు అత్తమ్మా. కూలి ఇచ్చిండ్రు కదా.”

“మోసి ఇంటికొచ్చి అందరికి రొట్టెలు చేసింది?”

“అది కలపరు.”

లక్ష్మవ్వ లేచి నిలబడింది. “గా రాసినోణ్ణి పిలువు. నేనొప్ప అంటే ఒప్ప.”

గ్యాలరీలో ఆడవాళ్ళు పోగయ్యారు, రత్నాబాయి సహా అందరూ లక్ష్మవ్వ పక్షమే. నీత ఒక్కతే ఆ లెక్కలు కట్టేవాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సి వచ్చింది. పని చిన్నదని కాదు, దానికి బజారులో ధర లేదు, ఎవరూ జీతం ఇవ్వరు, కొలవడం కష్టం అని ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి, చివరికి ఆ పద్ధతిలో లోపమేమిటో కూడా తనే చెప్పింది. ఎవరూ ఒప్పుకోలేదు. అయినా ఆ పూట నీత ముఖంలో ఒక వెలుగు వచ్చింది, దాన్ని కళ్ళారా చూశానని స్నేహల్ తర్వాత అందరికీ చెప్పుకుంది.

జూలైలో పరీక్ష రోజు కుండపోత. నీత హాల్ టికెట్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచిలో పెట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో నడిచి హాలు చేరింది. ప్రశ్నపత్రం విప్పింది. ఏకీభవిస్తారా అనే ప్రశ్నలు మళ్ళీ వచ్చాయి. గృహిణి ఇంట్లో చేసే పనిని జాతీయ ఆదాయంలో లెక్కిస్తారు అని ఒక వాక్యం. చదవగానే ఆమెకు గ్యాలరీ, కొంగు బిగించిన అత్త, చుట్టూ మూగిన ఆడవాళ్ళు కళ్ళ ముందుకొచ్చారు. ఏకీభవించను అని రాసి, కారణాలు ఒకదాని వెంట ఒకటి, ఎదురుగా కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు రాసుకుపోయింది. ఆ ఊపులో చివర ఒక వాక్యం ఎక్కువే రాసింది, మా అత్తగారికి ఈ పద్ధతి సమ్మతం కాదు అని. కొట్టేద్దామా అనుకుని, అలాగే ఉంచేసింది.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం స్నేహల్ ఫోన్ చూసి పెట్టిన కేకకు పక్క చాల్‌వాళ్ళు కూడా కిటికీల్లోంచి తొంగిచూశారు. నీత పాసైంది. ఫస్టు క్లాసు కాదు, ఆ దగ్గర్లోకి కూడా పోలేదు, కానీ పాసైంది. అతుల్ పేడాల డబ్బా తెచ్చాడు. రత్నాబాయి కౌగిలించుకుని ఏడ్చేసింది. నీత కూడా ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

ఆ హడావిడిలో లక్ష్మవ్వ గుమ్మం దగ్గర అటు తిరిగి కూర్చుని ఉంది. నీత పేడా తీసుకెళ్ళి నోటి దగ్గర పెడితే మూతి తిప్పుకుంది.

“ఏమైంది అత్తమ్మా? నేను పాసైతే నీకు ఖుషీ లేదా?”

“ఎందుకు లేదు? మస్తు ఖుషీ.” మిస్రీ డబ్బా పక్కకు నెట్టింది. “రేపటికెల్లి నువ్వు టీచరమ్మవు. పొద్దుగాల నా కాడ ఎవరు కూసుంటరు? లగ్గం చేసేటప్పుడు ఒప్పుకుంటవా అని నన్ను అడగలే. బొంబాయికి తోల్కొచ్చేటప్పుడు అడగలే. తట్ట నెత్తిన పెట్టేటప్పుడు కూడా ఎవ్వరు అడగలే. ఇన్నేండ్లకు నువ్వే అడిగినవ్, దినాం అడిగినవ్.”

ఇరవై ఏళ్ళుగా ఒకే ఖోలీలో ఉంటూ ఈ మనిషిని నీత మొండిది అనే అనుకుంది. పేడా ఆమె అరచేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. పరీక్షకు అక్కర్లేదని స్నేహల్ వదిలేయమన్న విదేశీ వ్యాపారం పాఠం పుస్తకం చివర్లో ఉంది. పుస్తకం తెచ్చి, అత్త పక్కన గుమ్మంలో చోటు చేసుకుని కూర్చుంది.

“ఇంకొకటి మిగిలింది అత్తమ్మా” అంది. “ఒక దేశం ఇంకో దేశానికి సామాను ఎందుకు అమ్ముతదో చెప్తా, ఇను.”

లక్ష్మవ్వ కళ్ళు తుడుచుకుని, కాళ్ళు ముడుచుకుని, ఆమె వైపు తిరిగి కూర్చుంది.